ఆన్‌లైన్ ఎక్సెల్ కోర్సు: ఏ పాఠం ముందు, ఏది తర్వాత, తాళాలు ఎక్కడ?

కామర్స్_మేడం
అందరికీ నమస్కారం. బీకాం రెండో ఏడాది పిల్లలకు తెలుగులో ఎక్సెల్ కోర్సు, మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తోంది. 42 వీడియోలు, ఒక్కోటి 6 నుంచి 9 నిమిషాలు, మొత్తం 8 వారాలు. ఇప్పుడున్న వరుస ఎక్సెల్ పైన కనిపించే ట్యాబుల వరుసే: హోమ్, ఇన్‌సర్ట్, పేజ్ లేఅవుట్, ఫార్ములాస్, డేటా, రివ్యూ, వ్యూ. వీలుకప్ (కోడ్‌ను బట్టి పట్టికలోంచి ధర లాంటి విలువ తెచ్చే ఫార్ములా) 5వ వారంలో వస్తుంది, పివట్ టేబుల్ (మౌస్‌తో లాగి మొత్తాలు తీసే పట్టిక) మాత్రం చిట్టచివర. ప్రతి పాఠానికీ తాళం ఉంది, ముందుది పూర్తయితేనే తర్వాతది తెరుచుకుంటుంది. వీలుకప్ దగ్గరికొచ్చేసరికి సగం మంది ఆగిపోతున్నారు. ఆ వీడియో మార్చి తీసినా ఫలితం అదే. లోపం పాఠంలోనా, వరుసలోనా? ల్యాబులో ఉన్నది ఎక్సెల్ 2016. ల్యాబు వారానికి ఒకసారే. వీడియోలు చాలామంది ఫోన్‌లోనే చూస్తారు.

నల్లబల్ల
వరుసలోనే మేడం. ట్యాబుల వరుస ఎక్సెల్‌లో ఏమేం ఉన్నాయో చూపించడానికి సరిపోతుంది, పని నేర్పడానికి కాదు.

చివరి నుంచి మొదలుపెట్టండి. 8వ వారం చివర పిల్లవాడు ఏం చేసి చూపించాలి? ఒక హోల్‌సేల్ కిరాణా షాపు నెల అమ్మకాల షీటు, 600 వరుసలు ఇచ్చారనుకుందాం. సరుకు కోడ్‌ను బట్టి ధర తేవాలి, జీఎస్టీ కలపాలి, ఊరి వారీగా మొత్తాలు తీయాలి, ఒక పేజీలో ప్రింటు ఇవ్వాలి. ఇక వెనక్కి నడవండి. ఒక్కో పని దగ్గర ఒకటే ప్రశ్న: ఇది చేయాలంటే అంతకుముందే చేతికి ఏం వచ్చి ఉండాలి? జవాబు వచ్చినప్పుడల్లా కాగితం మీద బాణం గీయండి. బాణాలు ఎటు పోతే అదే మీ వరుస. విద్యా మనస్తత్వవేత్త రాబర్ట్ గాన్యే 1960లలోనే చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇంతకంటే మెరుగైన మొదటి అడుగు లేదు.

వీలుకప్‌కే ఇది చేసి చూద్దాం. పిల్లలు అక్కడ పడే చోట్లు ఐదు.

ఒకటి, వెతికే కోడ్ 101 సంఖ్యగా ఉంటుంది, ధరల పట్టికలో అదే 101 అక్షరాలుగా (టెక్స్ట్‌గా) ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ఎక్సెల్‌కు కావు, ఎన్‌ఏ (#N/A, అంటే దొరకలేదు) అని చూపిస్తుంది.

రెండు, "కందిపప్పు" తర్వాత కనపడని ఖాళీ. మళ్లీ ఎన్‌ఏ.

మూడు, పట్టిక చిరునామా కదలకుండా పట్టి ఉంచే డాలర్ గుర్తులు పెట్టరు. మొదటి వరుసలో జవాబు సరిగ్గానే వస్తుంది. కిందికి లాగగానే ఏ2:సి50 అన్నది ఏ3:సి51, ఏ4:సి52 అంటూ జారిపోతుంది. పట్టిక పైభాగంలో ఉన్న సరుకులు ఒక్కొక్కటే దొరకకుండా పోతాయి. పిల్లలకు ఇది అంతుపట్టదు, ఎందుకంటే కొన్ని వరుసలు సరిగ్గా ఉంటాయి, కొన్ని ఉండవు.

నాలుగు, వీలుకప్ చివరి ఆర్గ్యుమెంట్ (కచ్చితంగా అదే విలువ కావాలంటే ఫాల్స్ అని రాయాల్సిన చోటు) వదిలేస్తారు. ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుని దగ్గరి విలువ వెతుకుతుంది. పట్టిక క్రమంలో లేకపోతే చాలాసార్లు ఎర్రర్ రాకపోగా తప్పు ధర వస్తుంది. ఐదింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, తప్పని ఎవరికీ తెలియదు.

ఐదు, వెతికే కాలమ్ పట్టికలో ఎడమ చివర ఉండదు.

ఈ ఐదింటిలో వీలుకప్ సొంత విషయాలు చివరి రెండే. మిగతా మూడు అంతకుముందు పాఠాల్లో తేలిపోవాల్సినవి. మీ వరుసలో డేటా రకాలు హోమ్ ట్యాబ్ కింద అలంకారంగా వెళ్లిపోయి ఉంటాయి. శుభ్రం చేసే టెక్స్ట్ టు కాలమ్స్ డేటా ట్యాబ్‌లో ఉంటుంది, అంటే ఫార్ములాల తర్వాత. వీలుకప్ వీడియో ఎన్నిసార్లు తీసినా లాభం లేనిది ఇందుకే.

సెల్_ఏవన్
నల్లబల్ల గారు చెప్పినదానికి రెండు చేర్పులు.

తేదీలను మొదటి వారంలోనే పెట్టండి. ల్యాబు కంప్యూటర్ల రీజనల్ సెట్టింగ్ అమెరికాది అయి ఉంటే 13/05/2024 అని కొట్టినది తేదీ కాదు, టెక్స్ట్‌గా మిగిలిపోతుంది, ఎందుకంటే 13వ నెల లేదు. 05/04/2024 మాత్రం మే 4 అయి కూర్చుంటుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని టెక్స్ట్, కొన్ని తప్పు తేదీలు. ఆ తర్వాత సార్టింగ్ చేసినా, నెలవారీ లెక్క తీసినా అంతా గందరగోళమే. కోర్సు మొదలుకాకముందే ల్యాబులో ఇంగ్లిష్ (ఇండియా) పెట్టించండి. పిల్లలకు ఒక్క చిట్కా చాలు: అలైన్‌మెంట్ ముట్టుకోకుండా చూస్తే సంఖ్యలు, తేదీలు సెల్‌లో కుడివైపు ఆనుకుంటాయి, టెక్స్ట్ ఎడమవైపు ఆనుకుంటుంది. సెంటర్ బటన్‌ను మొదటి రెండు వారాలు నేర్పకండి, ఈ ఆనవాలు పోతుంది.

రెండోది పివట్ టేబుల్. అందరూ దాన్ని "అడ్వాన్స్‌డ్" అని చివర పెడతారు. దానికి ముందు కావలసిందేమిటో చూడండి: ప్రతి కాలమ్‌కూ శీర్షిక, మెర్జ్ చేసిన సెల్స్ లేకపోవడం, మధ్యలో "మొత్తం" వరుసలు లేకపోవడం. ఒక్క ఫార్ములా అక్కర్లేదు. 3వ వారంలో నిక్షేపంగా పెట్టొచ్చు. పైగా మొత్తాల కాలమ్‌లో ఒక్క టెక్స్ట్ విలువ దాక్కుని ఉన్నా పివట్ సమ్ బదులు కౌంట్ చూపిస్తుంది. మొదటి వారం పాఠం ఎందుకు చెప్పారో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

ఎక్స్‌లుకప్ (వీలుకప్ లాంటిదే, కొత్తది) ఊసు ప్రధాన వరుసలో వద్దు. 2016లో, 2019లో అది లేదు, 2021 నుంచీ, 365లోనూ ఉంది. ఇష్టమున్నవాళ్లకు అదనపు పాఠంగా ఉంచండి.

చుక్కాని
పివట్ ముందే ఇస్తే ఒక చిక్కుంది. మౌస్‌తో లాగి మొత్తాలు తెచ్చుకోవడం అలవాటైన పిల్లలు "మరి సమిఫ్స్ (షరతుల ప్రకారం మొత్తం కట్టే ఫార్ములా) ఎందుకండీ?" అంటారు. ఫార్ములాల మీద ఆసక్తి చస్తుంది. కష్టమైనది ముందు నేర్పి, సులువైనది తర్వాత చూపిస్తేనే దాని విలువ తెలుస్తుంది కదా.

సెల్_ఏవన్
@చుక్కాని, ఆ ప్రశ్న రావాలనే ముందు పెట్టమంటున్నాను. పివట్ చేశాక అసలు షీటులో ఒక అమ్మకం మార్చమనండి. పివట్‌లో అంకె కదలదు, రిఫ్రెష్ కొట్టాలి. పక్కన సమిఫ్స్ రాసి ఉంటే అది వెంటనే మారుతుంది. ఈ రెండూ పక్కపక్కన చూసినవాడు సమిఫ్స్ ఎందుకని అడగడు. పైగా సమిఫ్స్ జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి పివట్ చేతిలో ఉంటుంది. మీ వరుసలో అలా సరిచూసుకునే సాధనం లేకుండానే పిల్లలు ఫార్ములాలు రాస్తారు.

చుక్కాని
సరిచూసుకోవడం అన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఆ రిఫ్రెష్ ప్రయోగాన్ని వీడియోలో చూపించి వదిలేయకుండా అభ్యాసంగా పెట్టండి. చూసి తల ఊపితే మర్నాటికి గుర్తుండదు.

మూడిల్_మేస్త్రి
వరుస సంగతి పెద్దలు చూసుకుంటున్నారు, నేను తాళాల దగ్గరికి వస్తా. 42 పాఠాలకు 42 తాళాలు దండగ. బాణం నిజంగా ఉన్నచోటే తాళం వేయాలి. మీ కోర్సుకు మూడో నాలుగో చాలు.

అసలు ఇప్పుడు ఏ షరతు మీద తాళాలు తెరుచుకుంటున్నాయి? యాక్టివిటీ కంప్లీషన్‌లో "వ్యూ" అని పెట్టి ఉంటే పేజీ తెరిచిన క్షణంలో టిక్ పడుతుంది. వీడియో చూశాడో లేదో మూడిల్‌కు తెలియదు. యూట్యూబ్ లింకు పెట్టినా అంతే. పిల్లలు వరసగా నొక్కుకుంటూ 5వ వారానికి చేరిపోయి ఉంటారు. మీ తాళాలు ఎవరినీ ఆపట్లేదు, విసిగిస్తున్నాయంతే.

చేయాల్సింది ఇలా. కోర్సు సెట్టింగ్స్‌లో కంప్లీషన్ ట్రాకింగ్ ఆన్ చేయండి. తాళం వేసే చోట 10 మార్కుల క్విజ్ పెట్టండి. క్విజ్ సెట్టింగ్స్‌లో గ్రేడ్ టు పాస్ దగ్గర 7 అని నింపండి, ఇది మరిస్తే పాస్ షరతుకు అర్థమే లేదు. గ్రేడింగ్ పద్ధతి "హయ్యెస్ట్ గ్రేడ్" ఉంచండి. "లాస్ట్ అటెంప్ట్" పెట్టి, గ్రేడ్ షరతుతో తాళం వేస్తే, పాసైనవాడు సరదాగా మళ్లీ రాసి మార్కు తగ్గించుకున్న రోజున తెరుచుకున్న పాఠం తిరిగి మూసుకుపోతుంది. ఫోన్లు మోగేది అప్పుడే.

తర్వాతి సెక్షన్ మొత్తానికి రిస్ట్రిక్ట్ యాక్సెస్ పెట్టండి, ఒక్కో పాఠానికి కాదు. షరతు: ఆ క్విజ్ గ్రేడ్ 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ. పక్కనే మెరుగుదల పాఠం ఒకటి పెట్టి దానికి "70 కంటే తక్కువ" అన్న షరతు ఇవ్వండి. క్విజ్ రాయనివాడికి గ్రేడే లేదు కాబట్టి అది కనిపించదు. రాసి తప్పినవాడికి మాత్రమే తెరుచుకుంటుంది.

కంటి గుర్తు తెరిచే ఉంచండి. మూస్తే తాళం వేసిన సెక్షన్ పూర్తిగా మాయమవుతుంది, కోర్సు ఇంతేనేమో అనుకుని పిల్లలు వెళ్లిపోతారు. తెరిచి ఉంచితే బూడిదరంగులో పేరూ, ఏం చేస్తే తెరుచుకుంటుందో కూడా కనిపిస్తాయి.

ఎక్సెల్ ముందే వచ్చినవాళ్ల కోసం మొదట్లో 20 ప్రశ్నల పరీక్ష పెట్టండి. సెక్షన్ షరతుల్లో "ఆల్" బదులు "ఎనీ" ఎంచుకుని రెండు షరతులు రాయండి: ముందు సెక్షన్ క్విజ్ పాసవ్వాలి, లేదా మొదటి పరీక్షలో 80 శాతం రావాలి.

పరీక్షించేటప్పుడు టీచర్ లాగిన్ వాడకండి, అందులో అన్నీ తెరిచే ఉంటాయి. డమ్మీ విద్యార్థి ఖాతా ఒకటి చేసుకోండి. బ్యాచ్ మధ్యలో కంప్లీషన్ షరతులు మార్చాలంటే మూడిల్ "అన్‌లాక్" అడుగుతుంది. అది నొక్కి సేవ్ చేస్తే ఆ యాక్టివిటీకి అప్పటిదాకా పడిన టిక్కులు చెరిగిపోతాయి. స్కోరు మీద నడిచేవాటిని మళ్లీ లెక్కకడుతుంది, పిల్లలు చేత్తో పెట్టుకున్నవి మాత్రం పోయినట్టే.

ఓరుగల్లు_పోరడు
అసలు లాకులే వద్దంట నేను. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలోల్ల ఆన్‌లైన్ కోర్సులు) జూడుండ్రి. వారం వారం పాఠాలు ఇడుస్తరు గని, ముందటి వారం కాలేదని ఎవల్నీ ఆపరు. 8 వారాల కోర్సుల మంచిగ వచ్చిన 6 అసైన్‌మెంట్లే లెక్కల వడ్తయి, 12 వారాలదైతే 8. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాల్నంటే 25ల 10, 75ల 30 రావాలె. రెండు వారాలు సుస్తయి పండుకున్నా పిలగాడు కోర్సుల ఉంటడు. మీ లాకు కాడ ఆగినోడు మళ్ల రాడు.

మూడిల్_మేస్త్రి
@ఓరుగల్లు_పోరడు, అక్కడ పరీక్ష సెంటర్‌లో కూర్చుని రాయాలి, మొత్తం సిలబస్‌ను ఆ రోజే అడుగుతారు. మధ్యలో వదిలేసినది అక్కడ తేలుతుంది. మేడం కోర్సులో అలాంటి పరీక్ష ఉన్నట్టు లేదు. అయినా మీ మాటలో పాయింటుంది: తాళం దగ్గర ఆగినవాడికి దారి ఉండాలి. క్విజ్ ఎన్నిసార్లయినా రాయనివ్వండి, ప్రయత్నాల మధ్య 30 నిమిషాల విరామం పెట్టండి. మూడో ప్రయత్నం దాటినా పాసవ్వనివాళ్ల జాబితా వారానికోసారి తీసి, గ్రేడ్‌బుక్‌లో చేత్తో మార్కు మార్చి ముందుకు పంపేయండి. ల్యాబులో పక్కన కూర్చోబెట్టి చెప్పొచ్చు.

కామర్స్_మేడం
అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారూ, మీరన్నది నిజమే, అన్నీ "వ్యూ" మీదే ఉన్నాయి. ఇంకో రెండు ప్రశ్నలు. వీడియోలన్నీ ఒకే స్కార్మ్ ప్యాకేజీగా (పాఠాలను ఒక్క ఫైలుగా కట్టి మూడిల్ లాంటి వాటిలో ఎక్కించే పద్ధతి) చేసి ఇస్తామని ఒక తయారీదారు అంటున్నారు, లోపలే వరుస నడిపిస్తారట. చేయించాలా? ఇంకొకటి, ల్యాబు వారానికి ఒకసారే కాబట్టి తాళం తెరవడానికి ల్యాబు అభ్యాసం షరతుగా పెడితే ఏమవుతుంది?

మూడిల్_మేస్త్రి
ఒకే ప్యాకేజీ వద్దు. స్కార్మ్ 1.2 అయితే (2001 నాటిది) దానికి వరుస నియమాలంటూ లేవు. వరుస నియమాలు స్కార్మ్ 2004లో వచ్చాయి, కానీ మూడిల్ సొంతంగా పూర్తిగా నడిపేది 1.2నే. పైగా 1.2లో పిల్లవాడు ఎక్కడ ఆగాడో దాచుకునే జాగా 4,096 అక్షరాలే. 42 పాఠాలు, క్విజ్ జవాబులు అన్నీ ఒకే ప్యాకేజీలో కుక్కితే అది నిండిపోతుంది, మర్నాడు తెరిస్తే మొదటి స్లైడు నుంచి మొదలవుతుంది. ఇంకో నష్టం: పిల్లలు ఏ పాఠం దగ్గర ఆగారో మీకు తెలియదు, మూడిల్‌కు "ఇన్‌కంప్లీట్" అన్న ఒక్క మాటే వస్తుంది. ఒక వీడియో తీసేసి ఇంకోటి పెట్టాలన్నా మళ్లీ తయారీదారు దగ్గరికే పోవాలి. వరుస మార్చుకునే స్వేచ్ఛ మీ చేతిలో ఉండాలంటే పాఠాలు విడివిడిగానే ఉంచండి.

వీడియో మధ్యలో ప్రశ్నలు కావాలంటే హెచ్‌5పి అనే సాధనంలోని ఇంటరాక్టివ్ వీడియో వాడండి. చివర సబ్మిట్ తెర పెట్టడం మరవకండి, అది నొక్కితేనే స్కోరు మూడిల్‌కు చేరేది.

ల్యాబు షరతు గురించి: ల్యాబు గురువారమైతే, శుక్రవారం వీడియోకు ఆ అభ్యాసాన్ని షరతుగా పెట్టారంటే ఆ రోజు రానివాడు వారం మొత్తం ఖాళీ. వీడియోలను ల్యాబుతో ముడిపెట్టకండి. ఫోన్‌లో చూసేవి ఒక దారి, ల్యాబులో చేసేవి ఒక దారి, రెండూ సెక్షన్ చివరి క్విజ్ దగ్గర కలవాలి. మొబైల్ యాప్‌లో ఆఫ్‌లైన్‌గా రాసే క్విజ్ పెడితే టైమ్ లిమిట్ తీసేయాలి. సింక్ అయ్యేదాకా తాళం తెరుచుకోదని పిల్లలకు ముందే చెప్పండి.

నల్లబల్ల
క్విజ్‌లో ఏం అడగాలన్నదీ వరుసలో భాగమే. 6వ వారం క్విజ్‌లో అన్నీ 6వ వారం ప్రశ్నలే ఉంటే పిల్లవాడికి ఏ ఫార్ములా వాడాలో ఆలోచించే పని లేదు, వీలుకప్పే అని ముందే తెలుసు. అసలు పనిలో కష్టం అక్కడే ఉంది. 10 ప్రశ్నల్లో 6 ఈ వారానివి, 3 గత వారానివి, 1 మూడు వారాల కిందటిది పెట్టండి. క్వశ్చన్ బ్యాంక్‌లో వారానికో క్యాటగిరీ చేసుకుని ర్యాండమ్ ప్రశ్నలు లాగితే ఇది దానంతటదే జరుగుతుంది. ఒక్కో క్యాటగిరీలో కనీసం 15 ప్రశ్నలు లేకపోతే రెండో ప్రయత్నంలో అవే తిరిగొస్తాయి. లెక్కల్లో ఇలా కలగలిపి ఇస్తే అభ్యాసంలో మార్కులు తగ్గి, తర్వాత పెట్టే పరీక్షలో పెరుగుతాయని పరిశోధకులు రోరర్, టేలర్ 2007లో చూపించారు. కాబట్టి మొదట్లో మార్కులు తగ్గితే కంగారుపడి వెనక్కి మార్చకండి.

ప్రశ్నలు "వీలుకప్‌లో ఎన్ని ఆర్గ్యుమెంట్లు?" లాంటివి వద్దు. ఫైలు ఇవ్వండి, అంకె అడగండి: "తెనాలి అమ్మకాల మొత్తం ఎంత?" మూడిల్‌లో న్యూమరికల్ రకం ప్రశ్న ఇందుకే ఉంది. ఇందులో ఒక సదుపాయాన్ని చాలామంది వాడుకోరు. సరైన జవాబుతో పాటు తప్పు జవాబులు కూడా సున్నా మార్కులతో నమోదు చేసి, ఒక్కోదానికి వేరే వివరణ రాయొచ్చు. ఫైలు తయారు చేసేటప్పుడే ఆ ఐదు తప్పులూ మీరే చేసి చూడండి. సరైనది 48,350 అనుకుందాం. డాలర్ గుర్తులు మరిచి, దొరకని ధరలను సున్నాగా తీసుకుంటే 41,900 వస్తుందనుకోండి. ఫాల్స్ మరిస్తే 52,115. పిల్లవాడు 41,900 అని రాయగానే "పట్టిక జారిపోయింది, డాలర్ గుర్తుల పాఠం చూడండి" అని ఆ పాఠం లింకుతో సహా కనిపిస్తుంది. ఎవరు ఏ బాణం దగ్గర తెగారో మీకూ రిపోర్టులో తెలిసిపోతుంది.

కామర్స్_మేడం
ఇప్పటికి వేసుకున్న కొత్త వరుస ఇది, తప్పులుంటే చెప్పండి.

1వ వారం: డేటా రకాలు, తేదీలు, ఒక వరుసకు ఒక అమ్మకం.
2వ వారం: ట్రిమ్ (అదనపు ఖాళీలు తీసేసే ఫార్ములా), టెక్స్ట్ టు కాలమ్స్, డూప్లికేట్లు, సార్ట్, ఫిల్టర్. ఇక్కడ తాళం.
3వ వారం: పివట్ టేబుల్, రిఫ్రెష్ ప్రయోగం.
4వ వారం: ఫార్ములాలు, కిందికి లాగడం, డాలర్ గుర్తు. తాళం.
5వ వారం: ఇఫ్, ఇఫ్‌ఎర్రర్, కౌంటిఫ్స్, సమిఫ్స్.
6వ వారం: వీలుకప్. తాళం.
7వ వారం: జీఎస్టీ బిల్లు, చార్టులు, ప్రింటు.
8వ వారం: చివరి పని.

పేజ్ లేఅవుట్, రివ్యూ పాఠాలు 9 ఉండేవి. 2 మాత్రం 7వ వారంలో ఉంచి మిగతావి అదనపు పాఠాల్లోకి పంపాను.

సెల్_ఏవన్
బాగుంది. మూడు మార్పులు.

ఇఫ్‌ఎర్రర్‌ను 5వ వారం నుంచి తీసి 6వ వారం చివర పెట్టండి. ముందే నేర్పితే పిల్లలు ప్రతి వీలుకప్‌కూ దాన్ని తొడిగేసి ఎన్‌ఏలను ఖాళీలుగా మార్చుకుంటారు. నల్లబల్ల గారి మొదటి మూడు తప్పులూ బయటికి కనిపించేది ఆ ఎన్‌ఏల వల్లే. వాటిని చూసి కారణం పట్టుకోవడం వచ్చాకే దాచడం నేర్పాలి.

ట్రిమ్ పాఠంలో ఒక అభ్యాసం చేర్చండి: వెబ్‌సైటు నుంచి కాపీ చేసిన పట్టిక. అందులోని ఖాళీలు మామూలు స్పేస్ కాదు, 160వ నంబరు క్యారెక్టర్. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. సబ్‌స్టిట్యూట్‌తో క్యార్(160)ను ఖాళీగా మార్చాలి. 6వ వారంలో "ట్రిమ్ చేసినా ఎన్‌ఏ వస్తోంది" అన్న ప్రశ్నలకు చాలావరకు ఇదే జవాబు.

జీఎస్టీ వీడియోలో శాతం అంకె మాటల్లో చెప్పకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా సరుకులకు 12, 28 శ్లాబులు తీసేసి 5కో 18కో మార్చారు. వీడియోలో 12 అని పలికి ఉంటే మళ్లీ తీయాలి. రేటును షీటులో విడిగా ఒక సెల్‌లో పెట్టి, డాలర్ గుర్తుతో పట్టుకోమనండి. రేటు మారితే అభ్యాసం ఫైలు మార్చుకుంటే చాలు, పైగా 4వ వారం పాఠం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

చుక్కాని
ఎఫ్4 కొడితే డాలర్ గుర్తులు వస్తాయని 4వ వారంలో చెబుతారు కదా, చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలని అదే వాక్యంలో చెప్పండి. లేకపోతే ఇంట్లో చేసేవాళ్లకు అక్కడ స్క్రీన్ వెలుతురు మారడమో సౌండ్ ఆగిపోవడమో జరుగుతుంది.

మూడిల్_మేస్త్రి
ఒక్క మాట మేడం. పాత కోర్సులోనే పాఠాలు అటూ ఇటూ లాగకండి, ఇప్పటి బ్యాచ్ టిక్కులూ తాళాలూ చిందరవందర అవుతాయి. బ్యాకప్ తీసి కొత్త కోర్సుగా రీస్టోర్ చేసుకోండి. రీస్టోర్‌లో ప్రారంభ తేదీ మారిస్తే తేదీ షరతులు కూడా దాని ప్రకారం జరుగుతాయి. సంక్రాంతి సెలవులు మాత్రం దానికి తెలియవు, ఆ వారం తేదీలు చేత్తో సరిచేయాలి. పాత రిస్ట్రిక్ట్ యాక్సెస్ షరతులన్నీ వెంట వస్తాయి కాబట్టి ముందు ఆ 42నూ తీసేసి, డమ్మీ విద్యార్థి ఖాతాతో 1 నుంచి 8వ వారం దాకా నడిచి చూసి, ఆ తర్వాత పిల్లల్ని చేర్చండి.